మొదటి లారీ సీటు: ఏ గేరుబాక్సు మీద చెయ్యి తిరగాలి?

హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడు చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో సీటు అడిగితే ఎదురయ్యే బండ్లు దాదాపు నాలుగు రకాలు. సింక్రో (గేర్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేని పాత అయిదు గేర్ల లారీ ఒకటి. ఆ ఏర్పాటు ఉన్న ఆరు గేర్ల సింక్రోమెష్ లారీ రెండోది. గ్రానైట్ దిమ్మెలో, సిమెంటో మోసే పెద్ద బండ్లలో ఉండే తొమ్మిది గేర్లది మూడోది. క్లచ్ పెడలే లేని, గేర్లను యంత్రమే మార్చే ఏఎంటీ నాలుగోది. జీతం, బత్తా, రూటు అడిగి సీటు ఎక్కేవాళ్లే ఎక్కువ. గేరుబాక్సు ఏదని అడిగేవాళ్లు తక్కువ. మొదటి ఏడాది యజమాని దగ్గర పేరు నిలబడేదీ, పోయేదీ మాత్రం అక్కడే.

నా తీర్పు ముందే చెబుతాను. మొదటి సీటుగా ఆరు గేర్ల సింక్రోమెష్ బండిని తీసుకోండి. పాత అయిదు గేర్ల బండి నేర్చుకోవడానికి చాలా మంచిది, దాని మీద బతుకు వెళ్లదీయడం కష్టం. తొమ్మిది గేర్లది ఆరు మీద చెయ్యి తిరిగినవాడికి త్వరగానే పట్టుబడుతుంది. ఏఎంటీ సీటు ఎంత సుఖంగా కనిపించినా రెండో ఉద్యోగానికి ఉంచుకోండి.

గేరు ఎందుకు అరుస్తుంది?

ఇది తెలియకుండా బండ్లను పోల్చలేం. క్లచ్ నొక్కగానే ఇంజన్‌కూ గేరుబాక్సుకూ సంబంధం తెగుతుంది. అయినా బాక్సు లోపల ఇన్‌పుట్ షాఫ్టు, దానితో పళ్లు కలిసి తిరిగే లే షాఫ్టు ఊపు మీద కాసేపు తిరుగుతూనే ఉంటాయి. చక్రాల వైపు ఉన్న షాఫ్టు బండి వేగాన్ని బట్టి తిరుగుతుంది. మీరు వేయబోయే గేరు దగ్గర ఈ రెండు వైపుల వేగం కలిస్తే పళ్లు చప్పుడు లేకుండా కూర్చుంటాయి. కలవకపోతే కర్రుమంటాయి.

సింక్రోమెష్ బాక్సులో ఆ వేగాలను కలిపే పని సింక్రో రింగు చేస్తుంది. అది రాపిడితో పనిచేసే కోను. రాపిడికి క్షణమో, అరక్షణమో పడుతుంది. కొత్త డ్రైవర్లలో చాలామంది ఆ అరక్షణం ఇవ్వరు. కారు గేరులా లీవరును టక్కున లాగేస్తారు. బరువైన లారీ గేర్లు అంత త్వరగా వేగం మార్చుకోలేవు. లీవరును న్యూట్రల్ దాటించి, తర్వాతి గేరు వైపు ఆనించి పట్టుకుంటే చాలు, దారి దొరకగానే దానంతట అదే లోపలికి దిగుతుంది. బలం పెట్టినవాడి బాక్సులో మూడో గేరు, నాలుగో గేరు రింగులు ముందుగా పోతాయి, ఎందుకంటే మన రోడ్ల మీద ఎక్కువసార్లు మారేవి అవే.

సింక్రో లేని బాక్సులో ఆ పని మీ కాలే చేయాలి. పై గేరుకు వెళ్లేటప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజన్ వేగం కాస్త పడిపోయేదాకా ఆగి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వేయాలి. కింది గేరుకు దిగేటప్పుడు న్యూట్రల్‌లో క్లచ్ వదిలిన ఆ క్షణంలో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తొక్కి ఇంజన్ వేగం పెంచాలి, అప్పుడే లే షాఫ్టు కింది గేరుకు సరిపడా తిరుగుతుంది. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. పై గేరుకు ఆగడం, కింది గేరుకు తొక్కడం, ఇంతే సూత్రం. కొత్తవాళ్లు ఈ రెండింటినీ తారుమారు చేసి, కింది గేరుకు దిగేటప్పుడు ఆగుతారు. ఘాట్‌లో ఎక్కేటప్పుడు అలా ఆగితే బండి నిలబడిపోతుంది.

పాత అయిదు గేర్ల బండి

చుట్టుపక్కల ఇటుక బట్టీలకూ, ఇసుకకూ, ఊళ్లలో చిన్న చిన్న తోలకాలకూ ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. వీటి మీద నేర్చుకున్నవాడికి చెవి బాగా తయారవుతుంది. ఇంజన్ వేగం చూపే టాకోమీటరు వంక చూడకుండానే ఇంజన్ గొంతును బట్టి గేరు మార్చగలడు. క్లచ్ లింకేజీ తీగో, రాడ్డో అయి ఉంటుంది కాబట్టి పెడల్ ఎక్కడ పడుతోందో కాలికి నేరుగా తెలుస్తుంది. ఎక్కడ ఆగినా రోడ్డు పక్క షెడ్డులో బాగు చేస్తారు.

నష్టం ఏమిటంటే, పాత బండిలో మీ తప్పు ఏదో, బండి తప్పు ఏదో విడదీయడం కష్టం. అరిగిన లీవరు బుష్షులు, వదులైన లింకేజీ, ఎన్నిసార్లు సరిచేశారో తెలియని క్లచ్, వీటన్నిటి మధ్య గేరు పడకపోతే కొత్తవాడు తనకే చేతకావడం లేదనుకుంటాడు. ధైర్యం పోతుంది. ఒక సీనియర్ పక్కన కూర్చుని ఖాళీ రోడ్డు మీద కొన్ని వారాలు నడపడానికి ఇంతకంటే మంచి బడి లేదు. లోడు వేసుకుని గడువు మీద పరుగెత్తే ఉద్యోగానికి మాత్రం వద్దు.

ఆరు గేర్ల సింక్రోమెష్

మధ్యస్థ బరువు లారీల్లో, ఆర్టీసీ బస్సుల్లో, పాల ట్యాంకర్లలో, మదనపల్లె నుంచి టమాటా తెచ్చే బండ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. గేర్ల పటం సాదాగా ఉంటుంది. తప్పు చేస్తే కర్రుమని చెబుతుంది, కానీ వెంటనే విరగదు. హైడ్రాలిక్ క్లచ్‌కు గాలి బూస్టర్ తోడుండటం వల్ల పెడల్ తేలిక. ఆ తేలికలోనే ఒక ఉచ్చు ఉంది. పెడల్ తేలికగా ఉంది కదా అని ఎడమ కాలును దాని మీదే ఆనించి నడిపే అలవాటు ఇక్కడే పుడుతుంది. పైకి ఏమీ తెలియదు, లోపల క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు రోజంతా తిరుగుతూనే ఉంటుంది. కాలు పక్కన పెట్టుకోవడం మొదటి రోజు నుంచే నేర్చుకోండి.

ఇంకొక సంగతి. ఖాళీ బండిని రెండో గేరులో కదిలించడం మామూలే. అదే అలవాటుతో లోడు బండినీ రెండులో లేపితే ప్రతిసారీ క్లచ్ ప్లేటు ఎక్కువసేపు జారుతూ పట్టుకోవాల్సి వస్తుంది. కొత్త డ్రైవర్ల చేతిలో ప్లేట్లు త్వరగా పోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. లోడు ఉంటే మొదటి గేరు. అది ఒక్క క్షణం పనే, ప్లేటు మాత్రం ఎన్నో నెలలు ఎక్కువ వస్తుంది.

పాల ట్యాంకరు సీటు దొరికితే ఒక మాట. సగం నిండిన ట్యాంకులో పాలు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. మీరు గేరు మార్చడానికి ఆగిన క్షణంలో ఆ ఊపు బండిని ముందుకు తోస్తుంది, లేదా వెనక్కి లాగుతుంది. గేరు మార్పుల సంఖ్య తగ్గించుకుని, ఊపు ఆగాక తర్వాతి గేరు వేస్తే బండి కుదుపు లేకుండా నడుస్తుంది.

తొమ్మిది గేర్లు

తొమ్మిది అనగానే భయపడతారు. నిజానికి లీవరు కింద ఉండేది నాలుగు గేర్ల పటమే, అది రెండుసార్లు వస్తుంది. వాటికి తోడు ఒకటో గేరు కంటే నెమ్మదైన క్రాలర్ గేరు ఒకటి. ఒకటి నుంచి నాలుగు కింది శ్రేణి, అయిదు నుంచి ఎనిమిది పై శ్రేణి. కొన్ని బండ్లలో శ్రేణి మార్చడానికి లీవరు మీద స్విచ్ ఉంటుంది. మరికొన్నింటిలో లీవరును న్యూట్రల్‌లోనే పక్కకు ఒక్క పోటు కొట్టి రెండో పటంలోకి వెళ్లాలి. రెండు రకాల్లోనూ శ్రేణిని మార్చేది గాలి. పొద్దున్నే బండి లేపి గాలి నిండకముందే కదిలిస్తే పై శ్రేణి పడదు, క్లచ్ పెడల్ కూడా రాయిలా ఉంటుంది. అది రిపేరు కాదు, తొందర.

ఇక్కడ కొత్తవాడు చేసే ప్రమాదకరమైన పొరపాటు ఒకటి ఉంది. ఆరో గేరులో వేగంగా పోతూ అయిదుకు దిగబోయి, చెయ్యి పొరపాటున కింది పటంలో పడితే అయిదు బదులు ఒకటో గేరు వైపు వెళ్తుంది. వేగం ఎక్కువగా ఉంటే కింది శ్రేణి పడకుండా చాలా బాక్సుల్లో అడ్డుకట్ట ఉంటుంది. అడ్డుకుంటోందంటే కారణం ఉంది, మళ్లీ తోయకండి. బలవంతంగా పడిందంటే చక్రాలే ఇంజన్‌ను, ప్లేటును మితిమీరిన వేగంతో తిప్పేస్తాయి. ప్లేటు ముక్కలైన సందర్భాలు షెడ్లలో చూపిస్తారు.

క్రాలర్ గేరు లోడుతో ఎత్తు మీద బండి లేపడానికి, క్వారీ లోపల మట్టిదారికి. సమంగా ఉన్న తారు రోడ్డు మీద ప్రతిసారీ క్రాలర్‌తో మొదలుపెట్టి, ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఎక్కుతూ కూడలి మధ్యలో నిలబడిపోయేవాళ్లున్నారు. ఖాళీ బండిలో గేర్లు దాటవేస్తూ వెళ్లవచ్చు, రెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఆరు.

ఏఎంటీ

పెడల్ లేదు కాబట్టి క్లచ్ లేదనుకోవడం ఈ బండి గురించి జనం పెట్టుకున్న పెద్ద భ్రమ. ప్లేటు ఉంది, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు ఉంది, వాటిని నొక్కే పని మాత్రం కంప్యూటర్ చెప్పగా యంత్రం చేస్తుంది. ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఏఎంటీ ప్లేటు కూడా కాలుతుంది. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది, పట్టించుకోకపోతే వాసన వస్తుంది. తిరుపతి నుంచి తిరుమలకు 2022 నుంచి తిరుగుతున్న విద్యుత్ బస్సులు వేరే జాతి. వాటిలో క్లచ్ నిజంగానే లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు.

ఏఎంటీ మంచి బండే. దూరప్రయాణంలో మోకాలు నొప్పి ఉండదు, మైలేజీ నిలకడగా వస్తుంది, పెద్ద కంపెనీల బండ్లు అటే వెళ్తున్నాయి. అయినా మొదటి సీటుగా ఎందుకు వద్దంటున్నానంటే, దాన్ని ఒక ఏడాది నడిపినవాడు ఆ సీటు పోతే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇక్కడి యజమానుల్లో ఎక్కువమంది దగ్గర ఉన్నవి మామూలు గేరు బండ్లే. ఆరు గేర్ల మనిషి ఏఎంటీకి వెళ్లడం సులువు, అటు నుంచి ఇటు రావడం కష్టం. పైగా దారిలో సెన్సారు తప్పుగా చెప్పి బండి న్యూట్రల్‌లో నిలిచిపోతే భాకరాపేటలోనో, బంగారుపాళెంలోనో ఉన్న షెడ్డు చేయగలిగింది తక్కువ, కంపెనీ మనిషి రావాల్సిందే.

ఒక మినహాయింపు. ఎడమ కాలికి దెబ్బ తగిలినవాళ్లకు, యాభై దాటాక లారీ రంగంలోకి వచ్చినవాళ్లకు ఏఎంటీయే సరి. వాళ్లను అయిదు గేర్ల బండి మీద తపస్సు చేయమనడం అన్యాయం.

ఘాట్లలో ఏ బండి ఎలా

చిత్తూరు నుంచి పలమనేరు వైపు 69వ జాతీయ రహదారి మీద వెళ్తే మొగిలి ఘాట్ ఎక్కాలి, అటు నుంచి వస్తే దిగాలి. తిరుపతి నుంచి పీలేరు వైపు 71వ జాతీయ రహదారిలో భాకరాపేట ఘాట్ కూడా అంతే. రెండుచోట్లా ఘోర ప్రమాదాలు జరిగాయి, 2022 మార్చిలో భాకరాపేట దగ్గర, 2024 సెప్టెంబరులో మొగిలి దగ్గర. ఈ దారుల్లో తిరిగే సీటు అయితే గేరుబాక్సు ఎంపిక సౌకర్యం సంగతి కాదు.

ఎక్కేటప్పుడు అన్ని మాన్యువల్ బండ్లకూ సూత్రం ఒకటే: టాకోమీటరు ముల్లు పచ్చ గీత కిందికి పడకముందే ఒక గేరు దించాలి. కొత్తవాడు ఇంకాస్త లాగుతుందేమోనని చూస్తాడు. ఆ ఆశతో ఇంజన్ వేగం బాగా పడిపోయాక, ఒకేసారి రెండు గేర్లు దించాల్సి వస్తుంది, తడబడతాడు, గేరు తప్పుతుంది. గేరు తప్పినప్పుడు పోరాడకండి. బ్రేకు వేసి బండిని పూర్తిగా ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరు వేసి, క్లచ్ పట్టే చోటుకు వచ్చాక, ముందు భాగం కొద్దిగా పైకి లేచినట్టు అనిపించాక హ్యాండ్ బ్రేకు వదలండి. క్లీనరు ఉంటే వెనక చక్రానికి రాయి పెట్టిస్తారు, మంచిదే. పని అయ్యాక ఆ రాయిని రోడ్డు మధ్యలోనే వదిలేసి పోయేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు, వెనక వచ్చే బైకువాడి ప్రాణం దాని మీద ఉంటుంది.

ఎక్కే దారిలో తొమ్మిది గేర్ల బండిదే పైచేయి. గేరుకూ గేరుకూ మధ్య అంతరం తక్కువ కాబట్టి ఒక గేరు దించినా ఊపు పూర్తిగా పోదు. ఆరు గేర్ల బండిలో నాలుగు నుంచి మూడుకు దిగడం పెద్ద మెట్టు, అక్కడ డబుల్ క్లచ్ అలవాటు ఉన్నవాడికి సింక్రో బండిలో కూడా గేరు వెన్నలా పడుతుంది. పాత బండి మీద కొన్ని వారాలు నేర్చుకోమన్నది ఇందుకే.

దిగేటప్పుడు వాలు మొదలవకముందే గేరు ఎంచుకోవాలి. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే అని పెద్దలు చెప్పేవారు. ఇప్పటి ఇంజన్లు ఎక్కువ గేరులో కూడా ఎత్తును లాగేస్తాయి కాబట్టి అంతకంటే ఒకటి తక్కువే పెట్టండి. వేగం పెరిగాక మధ్యలో గేరు దించబోతే అది పడకపోవచ్చు, పైది మళ్లీ పడకపోవచ్చు, చేతిలో న్యూట్రల్ మిగులుతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు ఉండదు, ఇంజన్ పొగ దారిని మూసి బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేయదు, మొత్తం భారం డ్రమ్ముల మీద పడుతుంది, అవి కాలితే బ్రేకు ఉన్నా లేనట్టే. డీజిల్ మిగుల్చుకోవడానికి న్యూట్రల్‌లో దిగే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. ఇంజన్ గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లు డీజిల్ పంపడమే మానేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. మిగిలేది ఏమీ లేదు.

ఏఎంటీలో ఘాట్ దిగేవాళ్లు మాన్యువల్ మోడ్‌లోకి మారి గేరును కట్టేయాలి. ఆటో మోడ్‌లో వదిలేస్తే వాలు చివర్లో అది పై గేరుకు వెళ్లాలనుకోవచ్చు.

మామిడి క్యూలో ప్లేటు కాలడం

ఘాట్ కంటే ఎక్కువ ప్లేట్లను మింగేది జూన్, జూలైలో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు క్యూ. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు, లారీలు గంటల తరబడి అంగుళం అంగుళం జరుగుతాయి. ముందు బండి రెండు అడుగులు కదలగానే వెనకవాడు సగం క్లచ్ మీద రెండు అడుగులు కదులుతాడు. ఇలా వందసార్లు. లోడు నిండుగా, వేడి ఎండ, ప్లేటుకు చల్లబడే తీరిక లేదు.

చేయాల్సింది సులువు. ముందు బండి మీ బండి పొడవుకు రెండింతలు దూరం వెళ్లేదాకా కదలకండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. తర్వాత మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలేయండి, యాక్సిలరేటర్ మీద కాలు అక్కర్లేదు. డీజిల్ ఇంజన్ తన నిలకడ వేగంతోనే బండిని నడకలా లాక్కుపోతుంది. తొమ్మిది గేర్ల బండి అయితే క్రాలర్‌లో ఇంకా నెమ్మదిగా పోతుంది, ఈ ఒక్క చోట దానికి సాటి లేదు. ఏఎంటీకి ఈ క్యూ శత్రువు, అక్కడ కూడా దూరం వదిలి ఒకేసారి కదలడమే మందు. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, ఇంజన్‌ను కాసేపు అలాగే తిరగనివ్వండి.

తప్పు కాలిదా, బండిదా?

యజమానితో, మెకానిక్‌తో మాట్లాడే ముందు మీరే తేల్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడి, ఇంజన్ తిరుగుతున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఆపినప్పుడూ గట్టిగా ఉంటే లింకేజీనో, బాక్సునో అనుమానించాలి. ఇక రివర్సు పరీక్ష. చాలా బాక్సుల్లో రివర్సుకు సింక్రో ఉండదు. బండి నిలబడి ఉండగా క్లచ్ పూర్తిగా నొక్కి నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. చప్పుడు రాలేదంటే క్లచ్ బాగుంది, ఇంతకుముందు వచ్చిన చప్పుడు మీ తొందర. ఆగినా కర్రుమంటే క్లచ్ పట్టు వదలడం లేదు.

పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కాక గేరు పడితే హైడ్రాలిక్ లైనులో గాలి చేరింది, లేదా ఆయిల్ కారుతోంది. ఒక్క గేరు మాత్రమే అరుస్తూ మిగతావి బాగుంటే ఆ గేరు సింక్రో రింగు అరిగింది, దానికి క్లచ్ సరిచేసి లాభం లేదు. క్లచ్ నొక్కినప్పుడు కీచుమంటే రిలీజ్ బేరింగు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉన్నప్పుడు శబ్దం వచ్చి, నొక్కగానే ఆగితే బాక్సు ముందు బేరింగు. ఎత్తు మీద ఇంజన్ గొంతు పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది. గేరు దానంతట అదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే అది మీ తప్పు కానే కాదు, పళ్లు అరిగాయి లేదా లోపలి స్ప్రింగు చచ్చింది. ఘాట్ దిగే బండిలో ఇది ఉంటే సీటు ఎక్కవద్దు.

రిపేరులో ఎంపికలు

క్లచ్ జారుతోందనగానే ప్లేటు ఒక్కటే మార్చి పని కానిచ్చే షెడ్లున్నాయి. ప్లేటు చవక, గేరుబాక్సు దించే కూలీ ఖరీదు. బాక్సు ఎలాగూ దించాక ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడా చూసి, ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉంటే చెక్కించి వేయడమే లాభం. పాత ప్రెషర్ ప్లేటు మీద కొత్త ప్లేటు పెడితే కొద్ది నెలల్లో మళ్లీ దించాల్సి రావచ్చు. అయితే జారడానికి ప్రతిసారీ ప్లేటే కారణం కాదు. మెకానికల్ లింకేజీలో ప్లేటు అరిగేకొద్దీ పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ మీద ఒత్తిడి పడకముందు ఉండే ఖాళీ కదలిక) తగ్గిపోతుంది, అది సరిచేస్తే ఇంకొంత కాలం నడుస్తుంది. హైడ్రాలిక్‌లో ఆ సూచన కాలికి తెలియదు. చాలా బూస్టర్లకు అరుగుదల చూపే పిన్ను ఉంటుంది, నెలకోసారి వంగి చూడండి.

ప్లేట్లలో సెరామిక్, ఆర్గానిక్ అని రెండు దొరుకుతాయి. సెరామిక్ వేడిని ఓర్చుకుంటుంది, కానీ ఒక్కసారిగా పట్టేస్తుంది. కొత్త కాలు దాని మీద బండిని కుదిపేస్తుంది, ఆ కుదుపు ప్రొపెల్లర్ షాఫ్టుకూ, క్రౌన్ వీల్‌కూ దెబ్బ. నేర్చుకుంటున్నవాడి బండికి ఆర్గానిక్. క్వారీ టిప్పరుకు, అనుభవం ఉన్న కాలికి సెరామిక్. కంపెనీ చెప్పిన రకం మార్చేముందు యజమానిని ఒప్పించండి. సైజు కూడా 352, 380, 395, 430 మిల్లీమీటర్లలో బండిని బట్టి ఉంటుంది, దొరికింది బిగించేది కాదు.

ఎక్కడ నేర్చుకోవాలి

మూడు దారులున్నాయి. క్లీనరుగా చేరి సీనియర్ దగ్గర నేర్చుకోవడం పాత పద్ధతి. రోడ్డు బాగా తెలుస్తుంది, కానీ సీనియర్ చెడ్డ అలవాట్లు కూడా ఉచితంగా వస్తాయి, న్యూట్రల్‌లో దిగడంతో సహా. డ్రైవింగ్ స్కూలులో లైసెన్సు పరీక్షకు సరిపడా నేర్పుతారు, లోడు బండి రుచి తెలియదు. మూడోది శిక్షణ కేంద్రాలు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ శిక్షణ ఇస్తోంది. డబ్బూ వ్యవధీ ఉంటే శిక్షణ కేంద్రం ముందు, సీనియర్ తర్వాత. ఒక్కటే కుదిరితే మంచి సీనియర్‌కే నా ఓటు.

హెవీ లైసెన్సుకు ఇరవై ఏళ్లు నిండాలి, దాని లెర్నర్ తీసుకోవడానికి అంతకుముందే ఏడాదిపాటు లైట్ వాహన లైసెన్సు ఉండాలి. ఆ ఏడాదిని వృథా చేయకండి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని లైట్ లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రమాదకర సరకు బండ్లు అందులోకి రావు. కూరగాయల మండీకి తిరిగే చిన్న లారీ మీద ఆ ఏడాది గడిపితే క్లచ్ కాలూ, గేరు చెయ్యీ సగం తయారవుతాయి.

సీటు ఒప్పుకునే ముందు

యజమాని బండి తాళం ఇస్తే పది నిమిషాలు అడిగి తీసుకోండి. చల్లని ఇంజన్ మీద పైన చెప్పిన రివర్సు పరీక్ష చేయండి. తర్వాత హ్యాండ్ బ్రేకు లాగి, పై గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు ఇప్పటికే చివరికి వచ్చింది, మీరు ఎక్కిన వారంలో పోతుంది, నింద మీ మీద పడుతుంది. ఇది ఒక్కసారికి మించి చేయవద్దు, ప్లేటు వేడెక్కుతుంది.

ప్లేటు ఎప్పుడు మార్చారో, అప్పుడు కిలోమీటరు ఎంతో అడగండి. కాలిన ప్లేటు ఖర్చును జీతంలో కోస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి, నెల చివర గొడవ పడేకంటే నయం. చేరిన రోజు ఓడోమీటరును, బూస్టర్ పిన్నును ఫోనులో ఫొటో తీసి యజమానికి పంపండి. కొందరికి ఇది నచ్చదు. అలాంటి యజమాని దగ్గర మొదటి సీటు వద్దు.